వాటాదారుల జాబితాలో లేనివాళ్ళు: నగర వరదలూ ‘భాగస్వామ్య’ చర్చా

పట్టణ వరదల మీద ఈ పదిహేను ఇరవయ్యేళ్ళలో వచ్చిన ఏ అధికార పత్రం తిరగేసినా ఒక మాట తప్పకుండా తగుల్తుంది: స్టేక్‌హోల్డర్లు. 2010లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పట్టణ వరదల మీద విడిగా వెలువరించిన మార్గదర్శకాల్లో ఈ మాట వుంది. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ మొదలుపెట్టిన ‘వంద నగరాల’ కార్యక్రమం కింద 2019లో చెన్నైకి రాసిన ప్రణాళికలో వుంది. మూసీ ప్రక్షాళన మీద జరిగే చర్చల్లోనూ వుంది. తెలుగు చేసేవాళ్ళు దీన్ని కొందరు ‘భాగస్వాములు’ అంటున్నారు, కొందరు ‘వాటాదారులు’ అంటున్నారు. నగరం వరదకి తట్టుకోవాలంటే వీళ్ళంతా చేతులు కలపాలట. కలపడానికి మాకు అభ్యంతరం లేదు. ఎవరి చేతులు బురదలో వున్నాయో, ఎవరి చేతులు బల్లమీద వున్నాయో ముందు చెప్పమంటున్నాం.

‘వాటా’ అనే మాట మనకి తెలియంది కాదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా ఈ మాటకి తెలుగు రాజకీయాల్లో ఒక పదును పెట్టింది. అక్కడ వాటా అంటే జనాభా లెక్కతో, కులం పేరుతో, ఉద్యోగం సంఖ్యతో కొలిచి అడిగేది. ఎవరికెంత దక్కింది, ఎవరికి దక్కలేదు అని లెక్కలు ముందేసుకుని మాట్లాడిన వాటా అది. వరద పత్రాల్లోని వాటాదారుకి కులమూ లేదు, లెక్కా లేదు. రియల్ ఎస్టేటు సంఘం ఒక వాటాదారు, అపార్ట్‌మెంటు సంక్షేమ సంఘం ఒక వాటాదారు, కన్సల్టెన్సీ కంపెనీ ఒక వాటాదారు, నాలా గట్టుమీద రేకులషెడ్డు వేసుకున్న కుటుంబం కూడా వాటాదారే. నలుగురినీ ఒకే వరసలో నిలబెట్టి ‘అందరం కలిసి’ అంటే వినడానికి బాగానే వుంటుంది. కాలవ చెరువుని పూడ్చి ప్లాట్లు అమ్ముకున్నవాడికీ, ఆ కాలవ పొంగితే బియ్యం తడిసిపోయేవాడికీ వున్న తేడా ఆ వరసలో కనపడదు.

పోనీ, దళితుడు ఈ పత్రాల్లో అసలు కనపడడా అంటే, కనపడతాడు. మూడు పేర్లతో కనపడతాడు. వరద రాకముందు ‘ఆక్రమణదారు’. వరద వున్న నాలుగు రోజులూ ‘లబ్ధిదారు’. నీళ్ళు తీశాక ‘పారిశుద్ధ్య కార్మికుడు’. నీటి సంగతి తెలిసినవాడుగా, నిర్ణయం చేసేవాడుగా మాత్రం ఎక్కడా కనపడడు. మా విమర్శంతా ఈ నాలుగో పేరు లేకపోవడం మీదనే.

ఆ నాలుగో పేరు ఒకప్పుడు మన వూళ్ళల్లో వుండేది. నీరటికాడు, తెలంగాణలో నీరడి. చాలా వూళ్ళల్లో మాల, కొన్నిచోట్ల మాదిగ. తూము తెరవడం, మూయడం, ఆయకట్టులో మడిమడికీ నీళ్ళు పారించడం, ముసురు పట్టిన రాత్రి కట్టమీద తిరగడం, బుంగ పడితే వూరిని లేపడం అతని పని. ఏ వానకి చెరువు ఎంత నిండుతుందో, మత్తడి ఎప్పుడు దుంకుతుందో, పై చెరువు తెగితే కింది చెరువు ఎంతసేపు ఆగుతుందో అతనికి తెలుసు. దానికి ప్రతిఫలం కళ్ళంలో కొలిచే గింజలు, వుంటే కాస్త మాన్యం. వూరందరి పొలాలకీ నీళ్ళు పంచే మనిషి వూరి బావిలో చేద వెయ్యడానికి లేదు. ఈ ఏర్పాటుని మేము పొగడ్డం లేదు. అది వెట్టి, అందులో గతవైభవం వెతికే పని మాది కాదు. గొలుసుకట్టు చెరువుల గురించి, కాకతీయుల నీటి యాజమాన్యం గురించి పుస్తకాలు రాసే పర్యావరణవాదులు రాజుని తలుచుకుంటారు, కట్ట కట్టించిన సామంతుణ్ణి తలుచుకుంటారు, కట్టమీద నిద్రకాచిన వాణ్ణి తలుచుకోరు. అందుకని చెప్తున్నాం.

హైదరాబాదు చుట్టూ వున్న వూళ్ళన్నీ ఇట్లాంటి గొలుసుకట్టు వూళ్ళే. నగరం పెరిగి వూళ్ళని మింగింది. ఆయకట్టు ప్లాట్లయింది. ఆయకట్టు పోయాక తూముతో పనిలేదు, తూముతో పని లేకపోతే నీరటితో పని లేదు. చెరువు మాత్రం, పూర్తిగా పూడ్చనిచోట, నీళ్ళు పట్టుకునే వుంది. మాసబ్ ట్యాంకులో చెరువు పేరుకే మిగిలింది. సరూర్‌నగర్‌లో చెరువు వుంది, దాని కింద పొలాలకి బదులు కాలనీలున్నాయి. 2020 అక్టోబరులో పాతబస్తీ అంచున గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ మునిగింది. కట్టలు తెగడం పాతరోజుల్లోనూ వుంది. కాకపోతే అప్పుడు రాత్రి కట్టమీద తిరగడం ఒకరి బాధ్యత. ఇప్పుడది రెవెన్యూదా, నీటిపారుదలదా, కార్పొరేషన్‌దా అన్నది వరద వచ్చినప్పుడల్లా కొత్తగా తేల్చుకోవలసిన ప్రశ్న. శాఖల మధ్య సమన్వయం లేదని మార్గదర్శకాలు రాసేవాళ్ళు బాధపడతారు. సమన్వయం ఎందుకు పోయిందంటే, దాన్ని వంటిమీద మోసిన మనిషిని తీసేశారు కాబట్టి. ఆ మనిషిది జ్ఞానమని ఏనాడూ గుర్తించలేదు కాబట్టి, తీసేసినప్పుడు ఏం పోయిందో కూడా వాళ్ళకి తెలీలేదు.

ఇక ఇంజనీర్ల సంగతి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి పదిహేనువేలమంది దాకా చచ్చిపోయారని చెప్తారు. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో వున్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది బతికారన్న కథ నగరమంతటికీ తెలుసు. ఆ తర్వాతే కదా మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలవాలన్న ఆలోచన. 1909లో ఆయన వచ్చాడు, నదికి ఎగువన నీళ్ళు ఆపాలన్నాడు. 1920లో మూసీమీద ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీమీద హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నూరేళ్ళుగా ఆ రెండు జలాశయాలు నగరానికి నీళ్ళిచ్చాయి, వరదనీ చాలావరకు ఆపాయి. ఇది గొప్ప పనే, కాదనం. కానీ ఆ కథలో రెండో సగాన్ని ఎవరూ చెప్పరు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. రోడ్లు వెడల్పు చేసింది, నది ఒడ్డు చక్కబెట్టింది, ఇళ్ళు కట్టింది, దాంతోబాటు ‘మురికివాడలు’ తొలగించింది. వరద తర్వాత నగరాన్ని బాగుచెయ్యడం అంటే కొందరిని కదిలించడం అన్న సూత్రం మన నగరంలో అప్పటినుంచే వుంది. భాగ్యరెడ్డి వర్మ ఇదే నగరంలో 1906లోనే జగన్మిత్ర మండలి పెట్టి పనిచేస్తున్నాడు. అంటరాని కులాల తరఫున మాట్లాడే సంఘం నగరంలో వుండగానే ఈ పనులన్నీ జరిగాయన్న మాట. వరద చరిత్రలూ దళిత చరిత్రలూ ఒకదాన్నొకటి చూసుకోకుండా రాసుకుంటూ వచ్చాం. ఈ తప్పులో దళిత పరిశోధకుల వాటా కూడా వుంది, ఇంజనీర్లనే అని లాభం లేదు.

వరద నివారణ అనగానే అంబేడ్కర్ పేరు గుర్తుకురాకపోవడం కూడా ఇట్లాంటిదే. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో ఆయన కార్మిక శాఖ చూశాడు. నీటిపారుదలా విద్యుత్తూ ఆ శాఖలోనివే. 1943 దామోదర్ వరద తర్వాత 1945లో బెంగాల్, బీహార్ ప్రభుత్వాలని కలకత్తాలో ఒకచోట కూర్చోబెట్టిన సమావేశాలకి ఆయనే అధ్యక్షుడు. ఇప్పటి మాటలో చెప్పాలంటే అది భాగస్వాముల సమావేశమే. అదే ఏడు నవంబరులో కటక్‌లో మహానది గురించి మాట్లాడుతూ, ఎక్కువ నీటిని శత్రువుగా చూసి సముద్రంలోకి తరిమే పాత కమిటీల పద్ధతిని తప్పుబట్టాడు. నీళ్ళు ప్రజల సంపద, దాచుకోవాలి అన్నాడు. పెద్ద ఆనకట్టల మీద ఇవాళ మనకి వేరే ప్రశ్నలున్నాయి, అవి వుండాల్సినవే. కానీ మహద్ చెరువు దగ్గర 1927లో నీళ్ళు ముట్టిన మనిషీ, 1945లో నదుల గురించి రాష్ట్రాలతో బేరమాడిన మనిషీ ఒక్కడే. నీళ్ళ గురించి నిర్ణయం చేసే బల్ల దగ్గర దళితుడు కూర్చోవడం అయ్యే పని కాదని ఎవరైనా అంటే, ఎనభై ఏళ్ళ కిందే అయిందని చెప్పాలి.

మళ్ళీ మూసీకి వద్దాం. ఆక్రమణ అనే మాట ఎట్లా పనిచేస్తుందో అక్కడ కళ్ళకి కట్టినట్టు కనపడుతుంది. 2024 జూలైలో హైడ్రా వచ్చింది. సెప్టెంబరు చివర మూసీ పక్కన ఇళ్ళ గోడలమీద ఎర్రరంగుతో ఆర్‌బి–ఎక్స్ అని రాసిపోయారు. అక్టోబరులో చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్‌లలో ఇళ్ళు కూలగొట్టడం మొదలైంది. వాళ్ళకి డబుల్ బెడ్‌రూం ఇళ్ళు చూపించారు, కొందరు వెళ్ళారు, కొందరికి పనిచేసే చోటు దూరమైంది. అక్కడున్నది ఎవరు? దళితులు, ముస్లిం పేదలు, బి.సి. కూలీలు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు. నదిలో వుండకూడదు అన్న మాటలో తప్పులేదు, నది నదిలాగా వుండాలి. అయితే నగరంలోని పెద్ద బస్‌స్టేషన్ కూడా మూసీ గర్భంలోనే వుంది కదా. 2025 సెప్టెంబర్ 26 రాత్రి జంట జలాశయాల గేట్లు ఎత్తితే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీళ్ళొచ్చి ప్రయాణికుల్ని తాళ్ళు కట్టి బయటికి తేవలసివచ్చింది. దానిమీద ఎర్రరంగు రాయలేదు. రాయమని మేమనడం లేదు, లక్షలమంది పేదలు ఎక్కే బస్సులవి. నదిలో సర్కారు కడితే సౌకర్యం, కూలివాడు కడితే ఆక్రమణ అన్న భాషని మాత్రం గమనించమంటున్నాం.

ఎగువకి పోతే ఇంకా తేటగా వుంటుంది. 1996లో వచ్చిన జి.ఓ. 111 జంట జలాశయాలకి పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో కట్టడాల్ని అదుపులో పెట్టింది. అక్కడ ఫామ్‌హౌస్‌లు, రిసార్టులు, గోడలు కట్టుకున్న తోటలు ఎట్లా లేచాయో ఆ రోడ్డున పోయినవాళ్ళందరికీ తెలుసు. ఆ ఆంక్షలు ఎత్తేస్తూ 2022 ఏప్రిల్‌లో జి.ఓ. 69 ఇచ్చారు. అంటే ఎగువన నీళ్ళు ఇంకే నేలమీద సిమెంటు పొయ్యడానికి దారి చూపిస్తారు, దిగువన ఆ నీళ్ళు వచ్చిపడే చోట వున్నవాణ్ణి నదికి అడ్డం అంటారు. రెండుచోట్లా మాట్లాడేది ఒకే రాజ్యం. ఇందులో ఎవరు ఎవరితో భాగస్వామ్యం చేస్తున్నారో వేరే చెప్పనక్కర్లేదు.

విజయవాడ కథ దీనికి తిరగేసిన కథ. మూసీ దగ్గర పేదల్ని నీళ్ళనుంచి తరిమారు. బుడమేరు దగ్గర పేదలకి నీళ్ళల్లోనే ఇళ్ళిచ్చారు. 2001 చివర్లో కేంద్రం మొదలుపెట్టిన గుడిసెవాసుల ఇళ్ళ పథకానికి వాల్మీకి అంబేడ్కర్ ఆవాస్ యోజన అని పేరు. వాల్మీకి అంటే ఉత్తరాదిన పాకీపని కులాలకి తగిలించిన పేరు. అంబేడ్కర్ ఎవరో చెప్పక్కర్లేదు. ఆ పథకం పేరుతోనే సింగ్‌నగర్ అవతల వాంబే కాలనీ వుంది. బుడమేరు పొంగితే మునిగే పల్లం అని 2005లోనే నగరానికి తెలిసొచ్చింది. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ రోజుల తరబడి నీళ్ళల్లో వున్నాయి. ఆ మర్నాడే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల 43 వేల క్యూసెక్కులు పోయాయి, అంతకుముందు ఎన్నడూ లేనంత. కరకట్ట మీద ప్రముఖుల ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయా లేదా అని పత్రికలు రాసినంత సేపు, గుడిసె తీసి పక్కా ఇల్లు ఇస్తామని పల్లంలోకి ఎందుకు పంపారు, ఎవరు నిర్ణయించారు అని రాయలేదు. మునిగిన ఇంటి గోడమీద అంబేడ్కర్ పేరు వుంది. స్థలం ఎంపిక చేసిన కాగితం మీద ఆ ఇంట్లో వుండబోయేవాళ్ళ సంతకం లేదు.

ఆ వరదలో ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని అనడం అన్యాయం. డ్రోన్లతో అన్నం పొట్లాలు దించారు, ఫైరింజన్లతో ఇళ్ళు కడిగించారు, బాంకులనీ ఇన్సూరెన్సు కంపెనీలనీ పిలిచి కూర్చోబెట్టారు. నేలమీది ఇంటికి 25 వేలు, పై అంతస్తులకి 10 వేలు అని పరిహారం ప్రకటించారు. ఈ లెక్కని కాసేపు చూడండి. నీళ్ళు ఎంత ఎత్తుకి వచ్చాయి, ఎన్ని సామాన్లు తడిశాయి అన్నదే కొలత. పై అంతస్తులో నీళ్ళూ కరెంటూ లేకుండా పడివున్న తాపీకూలీకి టీవీ తడవలేదు నిజమే, ఆ రోజులన్నీ కూలి పోయింది. అంతస్తుని బట్టి కట్టిన లెక్కలో పోయిన కూలిరోజు పట్టదు. సామాను వున్నవాడి నష్టాన్ని కొలవడం వచ్చిన రాజ్యానికి, ఒంటికష్టం తప్ప వేరే ఆస్తి లేనివాడి నష్టాన్ని కొలిచే గజంబద్ద లేదు. హైదరాబాదులో 2020లో ఇంకో రకం. ఇంటికి పదివేలు చేతికిస్తామన్నారు, మధ్యలో కోత పడిందని జనం గోలపెట్టారు, తర్వాత మీసేవా కేంద్రాల దగ్గర తెల్లారుజాము నుంచీ వరసలు కట్టారు, కార్పొరేషన్ ఎన్నికలని ఎన్నికల సంఘం నవంబరులో ఆపేసింది. హక్కుగా రావాల్సింది ఎన్నికల ముందరి పంపకం అయ్యాక, దానికి ఆ గతే పడుతుంది.

నీళ్ళు తీశాక మూడో పేరు బయటికి వస్తుంది. విజయవాడకి మిగతా మునిసిపాలిటీలనుంచి పారిశుద్ధ్య కార్మికుల్ని తెప్పించారు. కోస్తా పట్టణాల్లో ఆ పనిలో ఎక్కువమంది రెల్లి కులం వాళ్ళు, తెలంగాణలో మాదిగలు. 2015 డిసెంబరులో చెన్నై మునిగినప్పుడూ వేరే జిల్లాలనుంచి లారీల్లో తెచ్చారు. 2004 సునామీలో నాగపట్నం ఒడ్డున శవాలు తియ్యడానికి వూరూరి మునిసిపాలిటీల దళిత కార్మికుల్నే తెచ్చారు, చేతితొడుగులు సరిగ్గా లేకుండానే. కులం ఇంత కచ్చితంగా పనిచేసే ప్రభుత్వ యంత్రాంగం ఇంకోటి లేదు. ఎంత పెద్ద విపత్తయినా, ఏ సమన్వయం కుదరకపోయినా, బురద ఎత్తే మనుషులు మాత్రం వేళకి వచ్చి దిగుతారు. ఈ సమన్వయానికి వర్క్‌షాపు అక్కర్లేదు. అది కులంలో వుంది.

అదే చెన్నైలో 2015 వరదల తర్వాత నది ఒడ్డు కుటుంబాల్ని పెరుంబాక్కం తరలించారు. పల్లికరణై చిత్తడినేల పక్కన, నగరానికి దూరంగా. అక్కడ మళ్ళీ నీళ్ళు చుట్టుముట్టాయి. బుడమేరూ పెరుంబాక్కమూ ఒకే తప్పు.

పూడికతీత సంగతి విడిగా చెప్పుకోవాలి. జాతీయ మార్గదర్శకాలు ఏటా మార్చి 31 నాటికి పెద్ద కాలవల పూడికతీత అయిపోవాలంటాయి. బాగానే వుంది. ఆ పూడిక తీసేదెవరు? 2013 చట్టం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సీవర్‌లోకి దింపడాన్ని నేరం చేసింది. సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014లో చావుకి పదిలక్షలు ఇవ్వమంది. 2023లో ఇంకో కేసులో ముప్ఫై లక్షలు చేసింది. ఆ ఉద్యమాన్ని నడిపిన బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల్లో పాకీపని చేసిన తెలుగు కుటుంబం బిడ్డ. అయితే ఆ చట్టంలో సీవర్ అంటే నేలకింద గొట్టం. నాలా అంటే కాగితం మీద వాననీటి కాలవ. అందులో పారేది మాత్రం మన దొడ్లనీళ్ళే. చట్టం ఒకచోట తెరిచిన కాలవనీ తలుచుకుంది గానీ, వాననీటి పని అని రాసుకున్నాక ఆ చట్టం పుస్తకాన్ని ఎవరు తెరుస్తారు? 2021 ఆగస్టులో హైదరాబాదు సాహెబ్‌నగర్‌లో రాత్రిపూట మ్యాన్‌హోల్‌లో దిగిన ఇద్దరు కార్మికులు తిరిగిరాలేదు. కాంట్రాక్టు పని. నగరం వరదకి తట్టుకోవడం అనే లక్ష్యంలో వీళ్ళ ప్రాణం ఏ పద్దు కింద వస్తుందో మార్గదర్శకాలు రాసినవాళ్ళు చెప్పాలి.

మనవాళ్ళల్లోనే కొందరు మిత్రులు అంటారు: ఈ భాగస్వామ్యం చర్చలన్నీ ప్రపంచబాంకు నాటకం, మనం పోకూడదు అని. మేము ఒప్పుకోం. మన పేరుమీద జరిగే మీటింగుకి మనం పోకపోతే మన పేరు రాసి సంతకం వాళ్ళే పెడతారు. ఇంకో మాట కూడా: రాజ్యాంగంలో 243–ఎస్ అనే అధికరణం వుంది. మూడు లక్షల జనాభా దాటిన పట్టణాల్లో వార్డు కమిటీలు వుండాలంటుంది. 243–టి ప్రకారం కౌన్సిల్లో ఎస్.సి. సీట్లు వున్నాయి. చట్టం ఇచ్చిన వేదిక చాలాచోట్ల కాగితం మీద పడుకుని వుంటే, హోటలు హాల్లో కొత్త వేదిక ఎందుకు? ఓటు వున్నవాణ్ణి వాటాదారుగా మారిస్తే ఒక సౌకర్యం వుంది. ఓటరుకి జవాబు చెప్పాలి, వాటాదారుని ‘సంప్రదిస్తే’ చాలు.

మేము అడిగేవి పెద్దవేం కావు. పూడికతీత టెండరు పిలిచే ముందు ఆ వార్డులో పనిచేసే పారిశుద్ధ్య కార్మికుల్ని కూర్చోబెట్టి, ఏ మ్యాన్‌హోల్ దగ్గర నీళ్ళు ఎదురు తంతాయో, ఏ కల్వర్టు కింద కేబుళ్ళు అడ్డంపడి చెత్త ఆగుతుందో, ఏ కాలవమీద ఎవరి ప్రహరీగోడ వుందో రాయించుకోవాలి. ఆ రోజుకి కూలి కట్టివ్వాలి. రాసుకున్నది వార్డు ఆఫీసు గోడమీద పేర్లతో సహా అంటించాలి. నది ఒడ్డునుంచి ఎవరినైనా కదిపితే, ఇవ్వబోయే ఇంటి స్థలం ఎప్పుడెప్పుడు మునిగిందో ఆ ఇంటివాళ్ళకి ముందే కాగితం మీద చూపించాలి, వద్దనే హక్కు వుండాలి. పరిహారం లెక్కలో కూలిరోజు చేరాలి. వచ్చే మార్చి 31 లోపల ఏ ఒక్క కార్పొరేషన్ అయినా ఇందులో మొదటిదైనా చేస్తే, ఆ గోడమీది కాగితాన్ని ఈ పత్రికలో యథాతథంగా అచ్చువేస్తాం.